ట్రాలీ వెనక అడుగులు

“అమ్మా, ఇక్కడ మనిద్దరమే ఉన్నాం. నిజం చెప్పండి. చాటుగా ఏం తింటున్నారు?”

ఆ మాట అన్నది నాకు కూతురయ్యే వయసున్న పిల్ల. ఆసుపత్రి మూడో అంతస్తులో డైటీషియన్. బల్ల మీద నా నోటుబుక్కు తెరిచి ఉంది. మూడున్నర నెలలుగా నేను నోట్లో పెట్టుకున్న ప్రతి మెతుకూ అందులో రాసి ఉంది. గుడ్డు ఒకటి, అన్నం ఒక కప్పు, నూనె ఒక చెంచా, సగం ఆపిల్. ఆ పిల్ల దాని మీద అరచెయ్యి బోర్లించి, ఈ రాతల సంగతి సరే, అసలు సంగతి చెప్పమంటోంది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

“చాటుగా తినడానికి నాకు చాటెక్కడుందమ్మా? పొద్దంతా నలభై మంది మధ్య పని. ఇంటికొస్తే తమ్ముడి వంటింటి పక్క గది నాది. గిన్నె కదిలితే అందరికీ వినపడుతుంది. ఎక్కడ తినను, బాత్రూంలోనా?”

“కోప్పడకండి. మొదట అందరూ ఇలాగే అంటారు.”

అందరూనట! అంటే నాకంటే ముందు ఆ కుర్చీలో కూర్చున్న వాళ్ళంతా అబద్ధాలకోరులు, నేను ఆ వరసలో ఇంకొకత్తెని.

అసలు ఆ కుర్చీలో నేను కూర్చోవలసిన అవసరం ఏమొచ్చిందో చెప్పాలి. నా తమ్ముడికి రెండు కిడ్నీలూ చెడిపోయాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్ మిషన్ పక్కన నాలుగేసి గంటలు పడుకుని, పిండిన గుడ్డలా ఇంటికొస్తాడు. సూదులు గుచ్చడానికి వాడి చేతిలో తయారుచేసిన నరం అప్పటికే రెండుసార్లు మూసుకుపోయింది. రెండుసార్లూ కోసి తెరిచారు. మూడోసారి మూసుకుంటే చాలా కష్టమని, ఆరు నెలల్లో కిడ్నీ మార్పిడి జరిగిపోవాలని పెద్ద డాక్టరు చెప్పాడు. మా మరదలి రక్తం కలవలేదు. నాది కలిసింది. నా కిడ్నీలు రెండూ నిక్షేపంలా ఉన్నాయన్నారు. ఒక్కటే అడ్డు. నా బరువు తొంభై రెండు కిలోలు.

“ఎనభైకి దిగితేనే కత్తి పెడతాను. మిగిలిన జన్మంతా ఒక్క కిడ్నీతో బతకాల్సింది మీరు. మీ ఒళ్ళు కూడా నేనే చూడాలి కదా” అన్నాడాయన. న్యాయమైన మాటే. సరేనన్నాను. పన్నెండు కిలోలేగా అనుకున్నాను.

నేను లాండ్రీలో పనిచేస్తాను. లాండ్రీ అంటే వీధి మలుపులో ఇస్త్రీ కొట్టు కాదు. ఆసుపత్రుల దుప్పట్లు, హోటళ్ళ తువ్వాళ్ళు వేల లెక్కన ఉతికే పెద్ద షెడ్డు. అందులో తడివైపు, పొడివైపు అని రెండు. పొడివైపు వాళ్ళు మడతలు పెడతారు. వాళ్ళకి స్టూళ్ళుంటాయి, ఫ్యాన్లుంటాయి, కబుర్లుంటాయి. నాది తడివైపు. గదంత మిషన్ ఉతికి ఆగాక తలుపు తెరిస్తే, లోపల దుప్పట్లన్నీ ఒకదాన్నొకటి పెనవేసుకుని ఉంటాయి. వాటిని విడదీసి లాగి ట్రాలీలోకి ఎత్తాలి. ఆ ట్రాలీని షెడ్డు అవతలి చివరనున్న డ్రయ్యర్ల దాకా తోసుకెళ్ళాలి. దింపాలి. మళ్ళీ వెనక్కి రావాలి. నిండు ట్రాలీ నాకంటే మూడింతల బరువు. ఇరవై రెండేళ్ళుగా ఇదే చాకిరీ.

ఇంత చాకిరీ చేసేదానికి అంత ఒళ్ళెందుకొచ్చిందని మీకు అనుమానం రావచ్చు. తిన్నాను కనక వచ్చింది. మా ఆయన పోయాక ఏడేళ్ళుగా, పని నుంచి రాగానే అన్నం గిన్నె ముందేసుకుని కూర్చోవడమే నాకు ఓదార్పు. గిన్నె అడుగు కనిపించేదాకా లేచేదాన్ని కాదు. అది ఒప్పుకుంటాను. చేసిన తప్పు ఒప్పుకోవడానికి నాకు నామోషీ లేదు. చెయ్యని తప్పు నెత్తిన రుద్దితేనే నేను మనిషిని కాను.

మొదటి రోజు ఆసుపత్రి కౌంటర్లో ఉన్నతను “ఏం పని చేస్తారు?” అని అడిగాడు. “లాండ్రీలో” అన్నాను. టకటకా ఏదో కొట్టుకున్నాడు. తర్వాత డైటీషియన్ నా చేతికి ఒక నల్ల బ్యాండు కట్టింది. రోజుకి ఎన్ని అడుగులు వేశానో అది లెక్కపెడుతుందట. ఆ అడుగుల్ని బట్టి ఒంట్లో ఎంత ఖర్చయిందో తెలుస్తుంది, దాన్ని బట్టి ఎంత తినాలో తెలుస్తుంది అని చెప్పింది. రోజుకి పన్నెండు వందల క్యాలరీలు రాసిచ్చింది. సాయంత్రం పని దిగాక ఒక గంట గట్టిగా నడవమంది. ఖర్చుకీ రాబడికీ తేడా ఉంటేనే కొవ్వు కరుగుతుందని, అదే సూత్రమని, ఓపిగ్గా బొమ్మ గీసి చూపించింది. ఆ సూత్రంలో తప్పేమీ లేదు. నాకు అర్థమైంది కూడా.

నెల తిరిగేసరికి ఎనభై ఎనిమిదికొచ్చాను. మా వంటింట్లో రెండు కొలపాత్రలు వెలిశాయి. ఒకటి తమ్ముడు తాగే నీళ్ళకి, ఒకటి నేను తినే అన్నానికి. మరదలే రెండూ కొలిచి పెట్టేది. “ఈ ఇంట్లో తిండి, నీళ్ళూ కూడా రేషనే” అని వాడు నవ్వేవాడు. సాయంత్రం షెడ్డు నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కోకుండానే మళ్ళీ చెప్పులేసుకుని వీధిలో పడేదాన్ని. ఆ చివరి మందుల షాపు నుంచి ఈ చివరి బేకరీ దాకా, మళ్ళీ ఆ చివరికి. బేకరీ దగ్గర ముక్కు మూసుకుని నడిచేదాన్ని. అబద్ధమెందుకు, రెండుసార్లు ముక్కు మూసుకోలేకపోయాను. రెండుసార్లు ఒక్కొక్క బన్ను తిన్నాను. ఆ రెండు బన్నులూ నోటుబుక్కులో రాశాను కూడా.

రెండో నెలకి ఎనభై ఆరు. అంతే, అక్కడ ఆగిపోయింది. వారం గడిచింది, రెండు గడిచాయి, ముల్లు కదల్లేదు. కదిలితే పావుకిలో పైకే కదిలింది.

డైటీషియన్ నా బ్యాండు లెక్కలు కంప్యూటర్లో చూసింది. “రోజుకి ఏడు వేల అడుగులేనమ్మా. మీరు నడిచే ఆ గంట తీసేస్తే రోజంతా కూర్చున్నట్టే. ఒళ్ళు వంచాలి మరి” అంది. ఇరవై రెండేళ్ళుగా ఒళ్ళు వంచి వంచి నడుం పట్టేసినదాన్ని పట్టుకుని ఒళ్ళు వంచమంది. పన్నెండు వందలు కాస్తా వెయ్యి చేసింది. గంట నడకని గంటన్నర చేసింది. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే అదే.

నేను వాదించలేదు. ఎందుకు వాదించలేదని ఇప్పుడు నన్ను నేను తిట్టుకుంటాను. చదువుకున్న పిల్ల, కంప్యూటర్ చూసి చెబుతోంది, మనకేం తెలుసు అనుకున్నాను. దున్నపోతు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నట్టు, బ్యాండు చెప్పింది ఆ పిల్ల నమ్మింది, ఆ పిల్ల చెప్పింది నేను నమ్మాను.

మూడో నెలకి నా పరిస్థితి ఏమిటంటే, పాదాలు పొంగి చెప్పులు పట్టేవి కావు. జుట్టు దువ్వెనకి ఉండలుగా వచ్చేది. మిషన్ లోంచి దుప్పటి లాగుతుంటే కళ్ళ ముందు మిణుగురులు. సెలవు రోజున మంచం దిగే ఓపిక లేక సాయంత్రం దాకా అలాగే పడుండేదాన్ని. మూత్ర పరీక్షలో ఉండకూడనిదేదో కనిపించిందని, ఇలాగే ఉంటే కిడ్నీ ఇవ్వడానికి పనికిరానని డాక్టరు హెచ్చరించాడు. ఐదు వారాలు ఒక్క గ్రాము తగ్గలేదు. అదిగో, ఆ ఐదో వారంలోనే ఆ పిల్ల నన్ను చాటుగా ఏం తింటున్నానని అడిగింది.

ఆ సాయంత్రం ఇల్లు చేరేసరికి మరదలు గుమ్మంలోనే ఉంది. తమ్ముడు లోపలి గదిలో పడుకున్నాడు. డయాలసిస్ అయిన రోజు వాడు గోడ వైపు తిరిగే పడుకుంటాడు.

“ఎంతొచ్చింది వదినా?” అంది.

“ఎనభై ఆరున్నర.”

ఆమె వంటింట్లోకి వెళ్ళింది. కొలపాత్రతో అన్నం తీసి పళ్ళెంలో పెట్టింది. పెట్టి, పళ్ళెం నాకివ్వకుండా చేత్తో అలాగే పట్టుకుని నిలబడింది.

“మీ షెడ్డులో క్యాంటీన్ ఉంది కదా?” అంది.

“ఉంటే?”

“ఏం లేదు. అడిగానంతే.”

“అడగదలచుకున్నది సూటిగా అడుగు.”

అప్పుడు అడిగేసింది. గొంతు తగ్గించే ప్రయత్నం కూడా చెయ్యలేదు. “ఇవ్వడం ఇష్టం లేకపోతే లేదని చెప్పండి వదినా. ఎవరూ మిమ్మల్ని ఏమీ అనరు. మీ ఒళ్ళు మీది. కానీ ఇలా కిలోల వెనక దాక్కోవద్దు. ఆయనకి రోజులు దగ్గరపడుతున్నాయి. లేదని తెలిస్తే ఇంకెవరినైనా వెతుక్కుంటాం కదా!”

నాకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక నోరు పెగల్లేదు. నా నోరు మామూలు నోరు కాదు, షెడ్డులో నలభై మందికీ తెలుసు. అలాంటిది ఆ పూట ఒక్క మాట రాలేదు. పొద్దున్నుంచీ నేను తిన్నది ఒక గుడ్డు, రెండు రొట్టెముక్కలు. కడుపు మాడ్చుకుని, కళ్ళు తిరుగుతున్నా ట్రాలీ తోసి, ఆ పైన గంటన్నర వీధులు కొలిచి వస్తున్నదాన్ని, తమ్ముణ్ణి చంపుకుంటున్నదాన్నైపోయాను!

లోపలి గది తలుపు తెరిచే ఉంది. వాడు నిద్రపోవడం లేదు. ఊపిరి తీరు బట్టి నాకు తెలుసు, చిన్నప్పుడు వాణ్ణి నా పక్కలోనే వేసుకుని పడుకున్నదాన్ని. ‘ఏమిటే ఆ మాటలు, అక్కనా అనేది’ అని వాడు ఒక్క కేక వేస్తాడని ఎదురుచూశాను. వెయ్యలేదు. పళ్ళెం ముట్టుకోకుండా నా గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాను.

మర్నాడు షెడ్డులో నా ట్రాలీ ఇరుసు విరిగింది. వేరే ట్రాలీలు ఖాళీ లేవు. బాగుచేసేదాకా మోసుకెళ్ళమన్నాడు సూపర్వైజర్. తడి దుప్పట్లు మూటలు కట్టి కుడి భుజాన వేసుకుని, కుడి చేత్తో పట్టుకుని, ఎడమ చెయ్యి ఊపుకుంటూ డ్రయ్యర్ల దాకా నడిచాను. అవే మిషన్లు, అవే డ్రయ్యర్లు, అదే దూరం. మధ్యాహ్నం చెయ్యి కడుక్కుంటూ బ్యాండు వైపు చూశాను. తొమ్మిది వేల రెండు వందలు.

పాడైపోయిందనుకున్నాను. విదిలించాను. పది అడుగులు వేసి చూశాను. సరిగ్గా పది పెరిగింది.

ఇస్త్రీ రోలరు నడిపే బాబాయ్ దగ్గరికి తీసుకెళ్ళాను. షెడ్డులో ఏ మిషన్ మొరాయించినా ముందు ఆయన్నే పిలుస్తారు. ఆయన బ్యాండు చేతికి పెట్టుకుని, చెయ్యి ఊపుతూ నడిచాడు. అంకె పెరిగింది. తర్వాత పక్కనున్న వేరేవాళ్ళ ట్రాలీ పిడి రెండు చేతులా పట్టుకుని గోడ దాకా తోసుకెళ్ళి వచ్చాడు. నలభై అడుగుల పైనే ఉంటుంది. అంకె రెండు పెరిగింది.

“ఓసి అమ్మాయ్, దీనికి కాళ్ళు తెలీవు. చెయ్యి ఊగితేనే నడిచినట్టు. నువ్వు పిడి పట్టుకుంటే చెయ్యి కదలదు. కాబట్టి దీని దృష్టిలో నువ్వు కుర్చీలో కూర్చున్నావ్, ట్రాలీయే నిన్ను లాక్కెళ్తోంది!” అన్నాడు.

పక్కనున్న వాళ్ళు గొల్లుమన్నారు. నేనూ నవ్వాను. ఆ వెంటనే ఏడుపొచ్చింది. నాలుగు నెలలకి పదిహేను రోజులే తక్కువ. అన్నాళ్ళ పాటు రోజూ ఎనిమిది గంటలు నేను వేసిన అడుగులు, ఎత్తిన బరువు ఎక్కడా లేవు. నేను కూర్చుని తింటున్నదాన్నని లెక్కేసి, ఆ లెక్కకి తిండి కోసి, ఆ కోత చాలక నన్ను దొంగని చేశారు.

రెండు రోజులకి ట్రాలీ బాగయి వచ్చింది. ఆ రోజు బ్యాండుని కాలి చీలమండ దగ్గర సాక్సు లోపల కట్టుకున్నాను. పని దిగేసరికి పంతొమ్మిది వేల ఆరు వందలు. బ్యాండు విప్పలేదు. చెమట బట్టలు మార్చలేదు. తిన్నగా ఆసుపత్రికి వెళ్ళి మూడో అంతస్తు ఎక్కాను. లిఫ్టు వాడలేదు, ఆ మెట్లు కూడా లెక్కలోకి రానిమ్మని.

డైటీషియన్ బ్యాగు సర్దుకుంటోంది. “ఈ రోజు మీ అపాయింట్‌మెంట్ లేదు కదమ్మా” అంది.

నేను కుర్చీలో కూర్చుని, కాలెత్తి ఆవిడ బల్ల మీద పెట్టాను. పెద్దా చిన్నా మర్యాద తెలియనిదాన్ని కాను. కానీ ఆ పూట ఆ కాలు బల్ల మీదే ఉండాలనిపించింది.

“చూడమ్మా. చాటుగా ఏం చేస్తున్నానో చూడు” అన్నాను.

ఆవిడ అంకె చూసింది. నా మొహం చూసింది. “ఇదెలా?” అంది. చెప్పాను. ట్రాలీ పిడి సంగతి, మూటల సంగతి, రోలరు బాబాయ్ గోడ దాకా తోసి చూపించిన సంగతి అన్నీ చెప్పాను. ఆవిడ కంప్యూటర్ తిప్పి నా ఫారం తెరిచింది. ‘పని: బట్టలు మడతపెట్టడం. శ్రమ: తేలిక.’

“నేను మడతలని చెప్పానా?” అన్నాను.

“కౌంటర్లో అలా రాశారు...”

“కౌంటర్లో వాడు రాశాడు. నీ మాటేమిటి? నాలుగు నెలల్లో తొమ్మిదిసార్లు ఈ కుర్చీలో కూర్చున్నాను. ట్రాలీలు తోసి కాయలు కాసిన చేతులివి, నీ ఎదురుగా ఈ బల్ల మీదే పెట్టుకుని కూర్చున్నాను. ఒక్కసారైనా నీ పని ఎలా ఉంటుందమ్మా అని అడిగావా? రాత్రి ఏం తిన్నావని అడిగావు, పగలంతా ఏం చేశావని అడగలేదే! ఆ అంకె తప్పేమో అని నీకు ఒక్క క్షణం కూడా అనిపించలేదు. ఈవిడ అబద్ధమాడుతోందని మాత్రం అనిపించింది.”

ఆ పిల్ల మొహం పాలిపోయింది. సాకులు చెబుతుందని చూశాను. చెప్పలేదు. “తప్పు నాదే” అంది. “మీకు సగం తిండే పెట్టాను” అంది. తర్వాత కాగితం తీసుకుని, మిషన్ నుంచి డ్రయ్యర్ దాకా ఎంత దూరం, రోజుకి ఎన్ని ట్రిప్పులు, ఒక్కో ట్రాలీ ఎంత బరువు అని అన్నీ అడిగి రాసుకుంది. ఆ అడగడమేదో మొదటి రోజే అడిగి ఉంటే సరిపోయేది.

లెక్క కట్టాక చెప్పింది. అంత పని చేసే ఒంటికి వెయ్యి క్యాలరీలు ఇస్తే ఒళ్ళు కొవ్వుతో పాటు కండనీ అరగదీసుకుంటుందట. నీరు పట్టి ఉబ్బుతుందట. లోపల కరుగుతున్నా ఆ నీటి బరువుకి ముల్లు కదలదట. సెలవు రోజు నేను మంచం దిగలేకపోవడం కూడా అందుకేనట. పంతొమ్మిది వందలు తినమంది. సాయంత్రం నడక పూర్తిగా మానేసి నిద్రపొమ్మంది.

“ఎక్కువ తింటే తగ్గుతానా?”

“మీరు తినేది ఎక్కువ కాదమ్మా. మీ పనికి ఇప్పటికీ అది తక్కువే. మరీ అంత తక్కువ కాదు, అంతే.”

ఆవిడ మీద కోపం పోలేదు గానీ, ఆ మాట మాత్రం నాకు నచ్చింది.

ఇంటికెళ్ళి కొత్త కాగితం మరదలి ముందు పెట్టాను. పెద్ద పళ్ళెం తీసుకున్నాను. అన్నం రెండు కప్పులు, కూర, రెండు గుడ్లు, పెరుగు. జరిగిందంతా వివరంగా చెప్పాను, బ్యాండు కాలికి కట్టుకున్నది కూడా చూపించాను. ఆమె విన్నది. నమ్మిందా అంటే లేదు. ఆరు నెలల గడువులో నాలుగు నెలలు కావస్తున్నాయి, వదిన పళ్ళెం మాత్రం నిండుతోంది. చెవిలో పువ్వు పెడుతున్నానని అనుకుందేమో, గిన్నెలు అవసరానికి మించి చప్పుడు చేసింది. నేను మాత్రం ప్రతి ముద్దా ఆమె ఎదురుగానే తిన్నాను. తినడానికి అంత పట్టుదల ఉండాలని నాకెప్పుడూ తెలియదు.

మొదటి రెండు వారాలూ ముల్లు కదల్లేదు. నాకూ భయమేసింది, అది దాచను. మూడో వారం ఒక్కసారిగా రెండు కిలోలు దిగింది. పాదాలు చెప్పుల్లో పట్టాయి. ఆ తర్వాత వారానికి అరకిలో, ముప్పావు కిలో చొప్పున పేచీ లేకుండా దిగుతూ వచ్చింది. షెడ్డులో కళ్ళు తిరగడం మానేశాయి. మూత్ర పరీక్ష బాగుపడింది. ఆరో నెల చివరి వారంలో ఆసుపత్రి తూకం మీద నిలబడితే డెబ్బై తొమ్మిదీ ఎనిమిది వందల గ్రాములు.

మరదలు అక్కడే, తూకం పక్కనే, నా చేతులు రెండూ పట్టుకుని ఏడ్చింది. “నన్ను క్షమించండి వదినా, భయంతో నోరు జారాను” అంది. ఆమెని క్షమించడం నాకు కష్టం కాలేదు. మొగుడి ప్రాణం మీదికొచ్చినప్పుడు మనిషి మాట మీద అదుపుంటుందా? “సరేలే, ఏడవకు” అన్నాను.

ఆపరేషన్‌కి తేదీ వేసే ముందు ఇంకొక్క తతంగం మిగిలింది. కిడ్నీ ఇచ్చేవాళ్ళతో కౌన్సెలర్ ఆవిడ ఒంటరిగా మాట్లాడాలట. ఆసుపత్రి రూలు. తమ్ముణ్ణి బయట బెంచీ మీద కూర్చోబెట్టి, మరదలిని మందుల చీటీకి పంపి, నేను ఆవిడ గదిలోకి వెళ్ళాను. నడివయసు మనిషి, మెల్లగా మాట్లాడుతుంది. తలుపు గడియ వేసింది.

“ఇది మీ ఇష్టంతోనే ఇస్తున్నారా? ఎవరైనా ఒత్తిడి పెట్టారా?” అంది.

“నన్ను ఒత్తిడి పెట్టే మొనగాడు ఇంకా పుట్టలేదు” అన్నాను.

ఆవిడ నవ్వింది. “అయినా చెప్పడం నా విధి. ఏ క్షణంలోనైనా మీరు వద్దనుకోవచ్చు. అలా అనుకుంటే మీ వాళ్ళతో ఆ మాట చెప్పం. మీ బరువో, బీపీయో, ఏదో సరిపోలేదని మేమే చెబుతాం. మీ మీద మాట రానివ్వం. చాలామందికి అలాగే సాయం చేశాం.”

బరువో, బీపీయో. కిలోల వెనక దాక్కోవడం అంటే ఏమిటో అప్పటికి తెలిసింది. మరదలు అది గాల్లోంచి పుట్టించలేదు. డయాలసిస్ వార్డులో ఇలాంటి సంగతులు పక్క మంచం వాళ్ళు చెప్పుకుంటూనే ఉంటారు. ఆ వార్డులో వారానికి మూడు రోజులు పడుకునేది మరదలు కాదు.

“నాకు ఇష్టమే. కాగితం ఇవ్వండి” అన్నాను. సంతకం పెట్టి బయటికొచ్చాను.

వాడు బెంచీ మీద ఒక్కడే కూర్చుని ఉన్నాడు. ఎదురుగా నిలబడ్డాను.

“ఒరే, ఇవ్వడం ఇష్టం లేనివాళ్ళకి డాక్టర్లే బరువని సాకు చెప్పి తప్పిస్తారట. నీకు తెలుసా?”

వాడు తల ఎత్తలేదు. “తెలుసక్కా.”

“ఎవరికి ముందు తెలుసు? నీకా, నీ పెళ్ళానికా?”

“నేనే చెప్పా దానికి.”

“అయితే ఆ రోజు అది నన్ను అన్న మాట నీ మాటే.”

“అలా మొహం మీద అనమని నేను చెప్పలేదక్కా. కానీ... అవును. నేనూ అదే అనుకున్నా. నీకు భయమేసిందేమో, వద్దనడానికి మొహమాటపడుతున్నావేమో అనుకున్నా.”

“నన్నెందుకు అడగలేదు?”

“అడిగితే నువ్వు అబద్ధం చెప్పాల్సొస్తుందని. నీ చేత అబద్ధం ఆడించడం ఎందుకని.” వాడి కళ్ళు ఇంకా నేల మీదే ఉన్నాయి. “నాకు నీ మీద కోపం లేదక్కా. ఒట్టు. నువ్వు ఇవ్వకపోయినా ఫర్వాలేదనుకున్నా. నువ్వు బాగుంటే చాలనుకున్నా.”

ఆ డైటీషియన్ నన్ను తిండిదొంగ అన్నప్పుడు నాకు కోపమొచ్చింది. మరదలు దాక్కున్నావన్నప్పుడు నోరు పడిపోయింది. కానీ ఈ మాటకి నాకేమైందో చెప్పలేను. వాడి మంచి చెయ్యి, సూదుల నరం లేని చెయ్యి, పట్టుకుని లేపి నిలబెట్టాను.

“ఫర్వాలేదా? నువ్వు చచ్చిపోతే ఫర్వాలేదా? నా కడుపులో నీకు పనికొచ్చేది ఒకటి అదనంగా ఉండగా, అది దాచుకుని, నిన్ను పంపేసి, ఇంటికొచ్చి అన్నం కలుపుకుని తింటానా నేను? ఏమనుకున్నావురా నన్ను? మూడు నెలలు! మూడు నెలలు నా ఎదురుగా కూర్చుని, అక్క నన్ను చావనిస్తోంది పాపం అనుకుంటూ నాతో నవ్వుతూ మాట్లాడావా? నీ జాలి నాకెందుకురా! తిట్టి ఉంటే బాగుండేది. కొట్టి ఉంటే బాగుండేది. నన్ను అంత నీచంగా అనుకుని, పైగా క్షమించేశావా?”

వరండాలో అందరూ ఇటే చూస్తున్నారు. మందుల చీటీతో వచ్చిన మరదలు మెట్ల దగ్గరే ఆగిపోయింది. వాడు ఏడుస్తున్నాడు. “తప్పైపోయిందక్కా” అన్నాడు. నేను వాడి కళ్ళు తుడవలేదు. నావీ తుడుచుకోలేదు.

గది తలుపు తెరుచుకుని, నాతో మాట్లాడినావిడ కంగారుగా బయటికొచ్చింది. “ఏమైందమ్మా? మనసు మారిందా? ఏమైనా ఆపమంటారా?” అంది.

“ఆపడమేమిటి? ఎంత తొందరగా వీలైతే అంత తొందరగా తేదీ వెయ్యండి” అన్నాను. “వీడితో నేను పోట్లాడాల్సింది చాలా ఉంది. దానికి వీడు ముప్పై ఏళ్ళు బతకాలి.”